పందిట్లో పసిరిక పాము కనపడితే ఏం చేయాలి?

వానలు పడి బీర, దొండ, చిక్కుడు పందిళ్లు కమ్ముకున్నాయంటే చాలు, హనుమకొండ, నర్సంపేట, ములుగు వైపు నుంచి ఒకే రకం ఫోటోలు రావడం మొదలవుతుంది. ఆకుల మధ్య సన్నగా, పచ్చగా ఒక పాము. దాని కింద రెండు ప్రశ్నలు. "అన్నా, ఇది కరిస్తే చస్తమా?" "కండ్లు పొడుస్తదంట, నిజమేనా?" సగం ఫోటోల్లో పాము నడుము అప్పటికే విరిగి ఉంటుంది. కొట్టేశాక అడిగే ప్రశ్నకు జవాబు చెప్పి లాభం లేదు కాబట్టి, కొట్టకముందే చదువుకునేలా ఇదంతా ఒక చోట రాస్తున్నాను.

జవాబులు ముందే చెప్పేస్తా. చావరు. కళ్లను వెతుక్కుంటూ వచ్చి పొడవదు. పసిరికకు విషం ఉన్న మాట నిజమే, కానీ అది తేలికపాటి విషం. కోరలు నోటి ముందు కాకుండా వెనక భాగంలో ఉంటాయి. తొండలను, కప్పలను, ఎప్పుడైనా చిన్న పిట్టను పట్టుకోవడానికి పనికొచ్చే ఏర్పాటు అది. మనిషిని కరిస్తే ఆ చోట నొప్పి, వాపు, కొంచెం తిమ్మిరి ఉంటాయి. మామూలుగా రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. అసలు భయపడాల్సింది వేరే పామును చూసి "పసిరికేలే" అనుకోవడానికి. అందుకే కింద చెప్పే పనుల్లో పెద్ద భాగం గుర్తుపట్టడం మీదే ఉంటుంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- జూమ్ బాగా పనిచేసే ఫోన్.
- మామిడికాయలు తెంపే దోటి, లేదా ఆరేడు అడుగుల వెదురు కట్టె. కొట్టడానికి కాదు, కొమ్మ కదపడానికి.
- టార్చ్. ఫోన్ లైటు దీనికి చాలదు.
- కాళ్లకు బూట్లు. పసిరిక చెట్టు మీదుంటే కాళ్లకు బూట్లెందుకు అని అడగొద్దు. మీరు పైకి చూస్తూ నడిచేటప్పుడు కింద గడ్డిలో ఇంకేమున్నదో మీకు తెలియదు.
- మీ దగ్గరలో పాములు పట్టేవాళ్ల నంబరు, అటవీ శాఖ రేంజ్ ఆఫీసు నంబరు. పాము కనపడ్డాక వెతకడం కాదు, ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకోండి.

కిరోసిన్, ఫినాయిల్, ఉప్పు, వెల్లుల్లి, మిరపకాయల పొగ అక్కర్లేదు. వీటితో పాము పోదు. మీ బీరపాదు మాత్రం పోతుంది.

1. ఆగండి, రెండు మీటర్లు వెనక్కి జరగండి

పిల్లల్ని, కుక్కను లోపలికి పంపండి. ఒక్కరు మాత్రం పాము మీద నుంచి చూపు తిప్పకుండా నిలబడాలి. పసిరిక వేగంగా పారిపోయే పాము కాదు, కానీ ఒక్క నిమిషం పక్కకు చూస్తే ఆకుల్లో కలిసిపోతుంది. ఆ తర్వాత అది ఉందో పోయిందో తెలియక ఇంటిల్లిపాదీ వారం రోజులు టెన్షన్ పడతారు.

2. మూడు ఫోటోలు తీయండి

మొదటిది తల పక్క నుంచి, జూమ్ చేసి, కన్ను స్పష్టంగా కనపడేలా. రెండోది ఒళ్లంతా వచ్చేలా. మూడోది ఎక్కడుందో తెలిసేలా కొంచెం దూరం నుంచి. నాకు వచ్చే ఫోటోల్లో ఎక్కువ భాగం తోకవే ఉంటాయి. తోక చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. పై నుంచి తీసిన తల ఫోటో కూడా అంతగా ఉపయోగపడదు, కన్ను పక్క నుంచి కనపడాలి.

3. గుర్తుపట్టండి: కన్నుతో మొదలుపెట్టండి

రంగు చూసి ఎప్పుడూ నిర్ణయించొద్దు. ముందు కన్ను. పసిరిక కనుపాప గుండ్రంగా ఉండదు, నిలువుగానూ ఉండదు. అడ్డంగా, తాళం చెవి దూరే రంధ్రం ఆకారంలో ఉంటుంది. మన వైపు పాముల్లో ఇలాంటి అడ్డ కనుపాప పసిరిక జాతికి తప్ప ఇంకో దానికి లేదు. ఫోటోను పెద్దది చేసి చూస్తే బంగారు రంగు కన్ను మధ్యలో నల్లటి అడ్డ గీత తెలిసిపోతుంది. కన్ను ముందు నుంచి మూతి కొస దాకా ఒక గాడి కూడా ఉంటుంది. ఆ గాడి మీదుగా రెండు కళ్లతో ఒకేసారి ముందుకు చూసి, తొండ ఎంత దూరంలో ఉందో అంచనా వేసుకుంటుంది. మీరు ఎదురుగా నిలబడితే అది మిమ్మల్నే గుచ్చి చూస్తున్నట్టు అనిపించడానికి కారణం అదే.

తర్వాత తల. పొడవుగా, సన్నగా ముందుకు సాగి ఉంటుంది. ముక్కు కొసన చర్మం మొనదేలి కొద్దిగా ముందుకు పొడుచుకు వస్తుంది. పెరట్లో తిరిగే మరే పాముకూ ఇంత మొనదేలిన మూతి ఉండదు.

ఒళ్లు చిలకపచ్చ రంగులో, చిటికెన వేలి లావున ఉంటుంది. పొడవు నాలుగైదు అడుగులు, బాగా పెరిగినవి ఆరడుగుల దాకా ఉంటాయి. పొట్టకు రెండు వైపులా లేత పసుపు లేదా తెల్లటి గీత మెడ నుంచి తోక వైపు సాగుతుంది. గోధుమ రంగు పసిరికలు కూడా ఉంటాయి. కన్ను, మూతి కలిస్తే రంగు ఏదైనా అది పసిరికే.

ఇక నడవడి. ఇది పగటి పాము. ఒంట్లో ముందు భాగాన్ని గాల్లోకి చాచి చాలాసేపు కదలకుండా ఉంటుంది, గాలి వీస్తే పక్కనున్న తీగతోపాటు తనూ ఊగుతుంది. నాలుకను బయటికి చాచి, ఆడించకుండా అలాగే పట్టి ఉంచుతుంది. బెదిరితే మెడను వెడల్పు చేస్తుంది. అప్పుడు పొలుసుల మధ్య చర్మం సాగి నలుపు తెలుపు గళ్లు బయటపడతాయి, నోరు కూడా తెరుస్తుంది. ఆ గళ్లు చూసి "రంగు మార్చింది, వేరే పాము" అని కంగారుపడేవాళ్లున్నారు. రంగు మారలేదు. మీరు దగ్గరికి వెళ్లారు, అంతే. ఇంకో అడుగు వెనక్కి వేయండి.

నెట్‌లో వెతికేవాళ్లకు ఒక మాట. పాత పుస్తకాల్లో దీని పేరు అహెతుల్లా నసుటా. 2020లో వచ్చిన పరిశోధన తర్వాత ఆ పేరు శ్రీలంక పాములకు మిగిలింది, మన మైదానాల పసిరికను అహెతుల్లా ఆక్సిరింకా అంటున్నారు. రెండు పేర్లతోనూ వెతకండి.

4. పొరబడే పాములను పక్కన పెట్టండి

పసిరిక అనుకుని పంపే ఫోటోల్లో ఎక్కువగా వచ్చేది బ్రాంజ్‌బ్యాక్ అనే చెట్టు పాము. ఇదీ సన్నమే, చెట్ల మీదే ఉంటుంది. వీపు రాగి, గోధుమ రంగు. కన్ను పెద్దది, కనుపాప గుండ్రం. కదిలిందంటే కంటికి ఆనదు, ఒక కొమ్మ మీది నుంచి ఇంకో కొమ్మకు దూకుతుంది. విషం లేదు. దీనికీ పసిరికకూ తేడా తెలియకపోయినా పెద్ద నష్టం లేదు.

రెండోది నష్టం ఉన్న పొరపాటు. క్యాట్ స్నేక్ అని ఒకటుంది. సన్నగా, గోధుమ రంగు ఒంటి మీద ముదురు వంకర మచ్చలతో, రాత్రిళ్లు చెట్లు, గోడలు ఎక్కుతుంది. దానిదీ తేలికపాటి విషమే. కానీ ఆ మచ్చలు, ఆ నిలువు కనుపాప చూస్తే చిన్న పింజరనే అనుకుంటారు. అలా అనుకుని దూరంగా ఉంటే ఫర్వాలేదు. అదే తారుమారై, చిన్న పింజరను చూసి "ఇదేదో చెట్టు పాములే" అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. చిన్న పింజర పొట్టిగా ఉంటుంది, మెలికలు మెలికలుగా చుట్టుకుని పొలుసులు రాపిడి చేసి బరబర చప్పుడు చేస్తుంది. నేల మీది పామే అయినా వానాకాలంలో చిన్న పొదలెక్కుతుంది. కాబట్టి పొద మీద ఉంది కనుక విషం లేదు అనే లెక్క పనికిరాదు.

అడవి అంచు ఊళ్లవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. వెదురు పొదల్లో బతికే పచ్చ రంగు పింజర జాతి పాము ఒకటుంది. పచ్చగా ఉన్నంత మాత్రాన అది పసిరిక కాదు. దాని తల వెడల్పుగా మూడు కోణాలుగా ఉంటుంది, ఒళ్లు లావు, కనుపాప నిలువు. అది కరిస్తే దవాఖానకు పరుగెత్తాల్సిందే.

కన్ను స్పష్టంగా కనపడలేదా? అయితే మీరు గుర్తుపట్టనట్టే. 5, 6 మెట్లు మీకోసం కాదు. దూరంగా ఉండి పాములు పట్టేవాళ్లకు ఫోన్ చేయండి.

5. పందిరి మీదుంటే వదిలేయండి

చెట్టు, పందిరి, కంచె మీద ఉంటే మీరు చేయాల్సింది ఏమీ లేదు. సాయంత్రానికో రేపటికో పక్క చెట్టుకు పోతుంది. తొండలు బాగా ఉన్న చోటైతే కొన్నాళ్లు ఉంటుంది కూడా.

అక్కడ తప్పనిసరిగా పని ఉంటే, కూరగాయలు తెంపాల్సి ఉంటే, ఇలా చేయండి. పాము ఉన్న తీగకు రెండు మీటర్ల దూరంలో, దానికి మీ వైపు కాకుండా ఖాళీగా ఉన్న వైపు దారి ఉండేలా నిలబడండి. దోటితో తీగను మెల్లగా కదపండి. పామును తాకొద్దు. ఒకసారి కదిపి కాసేపు ఆగండి, మళ్లీ కదపండి. అది లోపలికి జరిగిపోతుంది. కదలకుండా మెడ వెడల్పు చేసి మీ వైపే చూస్తుంటే ఆ రోజుకు బీరకాయలు వదిలేసి వంకాయ కూర వండుకోండి.

దోటి కొక్కేనికి తగిలించి కిందికి లాగడం, తోక పట్టి ఊపడం చాలామంది చేసే పని. ఇంత సన్నటి పాముకు ఆ గుంజుడుతో వెన్ను దెబ్బ తింటుంది. పసిరిక కాటు తిన్నవాళ్లలోనూ ఎక్కువమంది ఇలా పట్టుకోబోయినవాళ్లే, ఫోటో కోసం చేతి మీదికి ఎక్కించుకున్నవాళ్లే.

6. ఇంట్లోకి వస్తే

కిటికీ గ్రిల్‌కు ఆనుకుని మల్లె తీగో గిన్నెమాలతి తీగో ఉన్న ఇళ్లలో ఇది జరుగుతుంది. ముందు ఆ గదిలోంచి ఇంట్లోకి వచ్చే దర్వాజ మూసి, కింది సందులో బస్తా కానీ పాత చీర కానీ దోపండి. బయటికి తెరుచుకునే కిటికీ పూర్తిగా తెరవండి. ఆకులున్న పొడుగాటి కొమ్మ ఒకటి కొట్టి, బయటి నుంచి ఆ కిటికీకి ఆనించండి. కొస లోపలికి కొంచెం రావాలి. ఫ్యాన్ ఆపేయండి. ఇంక గదిలోకి తొంగి చూడకుండా గంటసేపు వదిలేయండి. పగలైతే చాలావరకు అదే కొమ్మ పట్టుకుని పోతుంది.

చీకటి పడ్డాక అయితే అది కదలదు, ఉన్నచోటే పడుకుంటుంది. అప్పుడు రెండే దారులు. పట్టేవాళ్లను పిలవడం, లేదా గది మూసి తెల్లారే దాకా ఆగడం. చంటిపిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో మొదటిదే మంచిది. రాత్రిపూట ఇంట్లో నేల మీద పాకే పాము కనపడితే మాత్రం ఇదేదీ పాటించొద్దు. కట్లపాము రాత్రిళ్లే ఇళ్లలోకి వస్తుంది. అందరూ బయటికి వచ్చి ఫోన్ చేయండి.

బైకు హ్యాండిల్‌లోకో ఆటో టాప్ కిందకో దూరితే బండిని ఎండలోంచి తీసి చెట్టు పక్కన, కొమ్మ తగిలేలా నిలిపి వదిలేయండి. ఇంజన్ స్టార్ట్ చేయడం, నీళ్లు కొట్టడం చేస్తే ఇంకా లోపలికి పోతుంది.

7. పోయిందో లేదో చూసుకోండి

పగలు వెతకడం దండగ. రాత్రి ఎనిమిది దాటాక టార్చ్ తీసుకుని పందిరి బయటి అంచులు చూడండి. పసిరిక రాత్రి కొమ్మల కొసల దగ్గర, ఆకుల మీద ఒళ్లు మడతలుగా వేసుకుని పడుకుంటుంది. పగలు ఎంత చూసినా దొరకనిది, టార్చ్ వెలుతురులో ఆకుల కంటే లేతగా కనపడి దొరికిపోతుంది. కింద నుంచి పైకి వెలుతురు వేయండి, పొట్ట పక్క గీత పట్టిస్తుంది. రెండు మూడు రాత్రులు చూసి లేదంటే పోయినట్టే. కుబుసం దొరికితే అది ఇప్పుడు ఉందని కాదు, ఎప్పుడో వచ్చి వెళ్లిందని మాత్రమే.

కరిస్తే

పసిరికే అని ఫోటో ఉన్నా సరే, దవాఖానకు వెళ్లండి. "పసిరికేలే" అని ఇంట్లో కూర్చోవడానికి మీ గుర్తింపు మీద మీకు అంత నమ్మకం ఉండకూడదు.

ఉంగరాలు, గాజులు, మెట్టెలు, గడియారం వెంటనే తీసేయండి. వాపు వస్తే తర్వాత రావు. కరిచిన చేయి లేదా కాలు కదలకుండా ఒక కట్టె ఆనించి గుడ్డతో వదులుగా కట్టండి. 108కి ఫోన్ చేయండి, లేదా ఎవరి బండి మీదైనా వెనక కూర్చుని వెళ్లండి, మీరు నడపొద్దు. వరంగల్ చుట్టుపక్కల వాళ్లు ఎంజీఎం పెద్ద దవాఖానకు వస్తారు. దూరంగా ఉన్నవాళ్లు ముందు దగ్గరి ప్రభుత్వ దవాఖానకు ఫోన్ చేసి పాముకాటు ఇంజక్షన్ ఉందో అడిగి బయల్దేరితే టైమ్ కలిసొస్తుంది.

బిగించి తాడు కట్టొద్దు. బ్లేడుతో కోయొద్దు, నోటితో పీల్చొద్దు. పసరు పోయించుకోవడానికి, మంత్రం వేయించుకోవడానికి దారిలో ఆగొద్దు. మంత్రం వేస్తే పసిరిక కాటు తగ్గిన మాట నిజమే. వేయకపోయినా తగ్గుతుంది. ఊళ్లో మంత్రగాళ్ల పేరు నిలబడేది ఇలాంటి కాట్లతోనే, ఆ పేరు నమ్మి రేపు కట్లపాము కరిచినవాళ్లు కూడా అక్కడికే వెళ్తారు. నా కోపం దాని మీద.

దవాఖానలో డాక్టర్‌కు ఫోటో చూపించండి. చాలామంది "ఇంజక్షన్ ఎందుకు ఇవ్వట్లేదు" అని గొడవ పెట్టుకుంటారు. మన దగ్గర దొరికే విరుగుడు మందు నాలుగు పాముల విషానికి తయారైంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. పసిరిక కాటుకు అది అవసరం లేదు, పనికిరాదు కూడా. పైగా కొందరికి ఆ మందు పడక ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వస్తాయి. అందుకే డాక్టర్లు లక్షణాలు చూసి ఇస్తారు. గాజు ట్యూబులో కొంచెం రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందో లేదో చూస్తారు. గడ్డకట్టకపోతే పింజర విషం అనుమానించాలి. ఆ 20 నిమిషాలు మిమ్మల్ని పట్టించుకోవట్లేదని అనుకోవద్దు, పరీక్ష నడుస్తోంది.

ఒక రోజు కనిపెట్టుకుని ఉండమంటారు. ఇంటికి వచ్చాక కూడా కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం ఎర్రగా రావడం, వాపు పైపైకి పాకడం వీటిలో ఏది కనపడినా వెంటనే మళ్లీ వెళ్లాలి. అవి పసిరిక చేసే పనులు కావు.

కళ్లు పొడిచే మాట ఎక్కడిది?

పందిరి మన తల ఎత్తులో ఉంటుంది. దాని మీద పాము ముందు భాగం గాల్లోకి చాచి ఉంటుంది. కాయ కోసం మొహం లోపలికి పెట్టినప్పుడు బెదిరి కొడితే తగిలేది మొహానికే. నేల మీది పాము కాలికి తగిలినట్టే ఇదీ. కాబట్టి మొహం లోపలికి పెట్టకుండా తెంపడం నేర్చుకుంటే చాలు. ముందు కట్టెతో పందిరిని రెండుసార్లు తట్టండి, చేయి చాచినంత దూరం నుంచి ఒకసారి చూడండి, ఆ తర్వాత తెంపండి. వేలాడే తీగలు తల తగలకుండా కత్తిరించుకోండి. పందిరి మొత్తం పీకేయాల్సిన పని లేదు.

బతుకమ్మ పూలకు వెళ్లే అక్కచెల్లెళ్లకు, పిల్లలకు ఇదే మాట ఇంకొంచెం గట్టిగా చెప్తున్నా. తంగేడు, గునుగు కోసం తెల్లవారకముందే బయల్దేరతారు. ఆ చీకట్లో పసిరిక ఇంకా నిద్రలోనే ఉంటుంది, దాని కొమ్మనే పట్టుకుని వంచే అవకాశం ఎక్కువ. కొంచెం వెలుతురు వచ్చేదాకా ఆగండి, లేదా టార్చ్ వేసి చూసి కొడవలితో కోయండి. తంగేడు పొద దగ్గర చేతుల కంటే కాళ్ల సంగతి ముందు చూసుకోవాలి, పొద అడుగున చిన్న పింజర ఉండొచ్చు. చెప్పులతో కాదు, బూట్లతో వెళ్లండి. ఎండాకాలంలో తునికాకు తెంపేవాళ్లకూ ఇంతే.

కొట్టేశాక ఫోటో పెట్టేవాళ్లకు

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పాములను చంపడం, పట్టి పెట్టుకోవడం నేరం. చంపిన ఫోటో మీరే పది గ్రూపుల్లో పెడితే సాక్ష్యం మీరే ఇచ్చినట్టు. సరే, ఎవరో కొట్టేశారు, చచ్చి పడి ఉంది అనుకుందాం. తలను చేత్తో పట్టుకోవద్దు. చచ్చిన పాము తల కూడా కాసేపటి దాకా కరవగలదు. ఏ పామో తెలియనప్పుడైతే అసలే వద్దు. దవాఖానకు పామును కవర్లో పెట్టుకుని వెళ్లేవాళ్లున్నారు, ఫోటో చాలు.

చివరగా, పాము కనపడ్డాక పూలకుండీ తవ్వి "గుడ్లు పెట్టింది" అని పంపే ఫోటోల గురించి. పసిరిక గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. కుండీ మట్టిలో వేలి కొస అంత, తెల్లగా, మెత్తటి పెంకుతో ఉండేవి చాలాసార్లు తొండ గుడ్లు. అంతకంటే బాగా పెద్దవి, ఒకదానికొకటి అతుక్కుని ఉంటే వేరే పామువి కావచ్చు. అప్పుడు మట్టి కప్పేసి, చేయి పెట్టకుండా, సేవ్ చేసుకున్న ఆ నంబరుకు ఫోన్ చేయండి.